పదిహేడో స్తంభం

"నోరు ఇంకాస్త తెరు," అన్నాడు డాక్టరు.

ఏజెంట్ ముప్పావు తెరిచాడు. చెంపకీ దవడకీ మధ్య రెండు దూది ఉండలు పడ్డాయి. దాంతో ఎదురు చెప్పే అవకాశం పోయింది.

చీఫ్ బ్రీఫింగులన్నీ ఇంతే. ఊరందరికీ ఆయన పళ్ల డాక్టరు, సీక్రెట్ సర్వీసుకి మాత్రం చీఫ్. "ఎడమ దవడ నొప్పి, కుడి వైపు చూడండి" అంటే అది కోడ్. ఆ తర్వాత అనాల్సినదంతా ఆయనే అంటాడు.

"జల్లెడ ముఠా దిగింది," అన్నాడు చీఫ్, అద్దం ముక్క నోట్లో పెట్టి చూస్తూ. "రేపు పొద్దున లైట్ రైల్ మొదటి ట్రయల్ రన్. పట్టాల కింద బాంబు పెట్టారు. చక్రం బరువు పడగానే పేలుతుంది. మన లైన్ పేలిందంటే, మాకూ కావాలంటున్న చుట్టుపక్కల టౌన్లన్నీ బెదిరిపోతాయి. ముఠా వెనకున్న విదేశీ కంపెనీ దగ్గర బస్సులు కొనుక్కుంటాయి. అదీ ప్లాన్."

ముప్పావు చేతులు ఊపాడు. రన్ ఆపించెయ్యండి అని.

"ఆపం. కంట్రోల్ రూములో వాళ్ల మనిషి ఒకడున్నాడు. ఎవడో తెలీదు. ఆపితే జారుకుంటాడు. జనం ఎక్కడం మొదలయ్యాక ఇంకోచోట పెడతారు. బాంబు ఎక్కడుందో మన డబుల్ ఏజెంట్ రేపు చెబుతుంది. నువ్వెళ్లి తీసెయ్. ఫోనూ రేడియో ముట్టుకోకు, వాళ్లు వింటున్నారు."

"అఁ... అఁక్క," అన్నాడు ముప్పావు దూదిలోంచి.

"తెలుసు. బండి నడిపేది మీ అక్కే. ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తావనే నిన్ను పంపుతున్నా. ఇక ఉమ్మెయ్."

ఏ మిషనూ ముప్పావు పూర్తిగా చేసిన పాపాన పోలేదు. ముక్కాలు భాగం లాక్కొస్తాడు, మిగిలింది ఎవరో ఒకరు చేసి పుణ్యం కట్టుకుంటారు. అందుకే ఆ పేరు. లైట్ రైల్ ప్రాజెక్టు ఆఫీసులో సర్వేయరుగా అతని మారువేషం. పసుపు హెల్మెట్, మెడలో కార్డు, చేతిలో కొలత టేపు. ఆ టేపు డబ్బాలో సర్వీసువాళ్లు బిగించిన వైర్‌లెస్ ఉంది. కంట్రోల్ రూమూ డ్రైవరూ మాట్లాడుకునేది వినిపిస్తుంది. తిరిగి మాట్లాడదామంటే మాత్రం కుదరదు.

ఆ సాయంత్రం అక్క వంటింట్లో కూర్చుని బూట్లకి పాలిష్ వేస్తోంది. పాత సిటీ బస్సులు ఏళ్ల తరబడి నడిపి, పరీక్షలన్నీ గట్టెక్కి, మొదటి బండి తన చేతికే తెచ్చుకున్న మనిషి. ఆమె దృష్టిలో తమ్ముడు స్తంభాలు కొలుచుకుంటూ బతికే ఒక బద్ధకస్తుడు.

"అక్కా, రేపు సెలవు పెట్టకూడదా?"

"ఎందుకురా?"

"జలుబన్నావుగా."

"అది మొన్న. రేపు మాత్రం చచ్చినా వెళ్తాను."

ముప్పావుకి ప్రాణం ఉసూరుమంది. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే ఆమె వెళ్లదు, ముఠా దొరకదు, రేపు ఎవరి అక్కో ఎక్కిన బండి పేలుతుంది. లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాడు. అంతకంటే చేయగలిగింది కనబడలేదు.

పొద్దున్నే ఏటి వైపు స్టేషను దగ్గరికి డబుల్ ఏజెంట్ వచ్చింది. విదేశీ కన్సల్టెంటు. నల్లకళ్లద్దాలు, సిమెంటు దుమ్ములో కూడా నలగని తెల్లచీర. ఆమె నడుస్తుంటే వెల్డరు చేతిలో నిప్పు ఆరిపోయిన సంగతి అతనికే తెలియదు. ముప్పావుని దాటుతూ, ప్లాట్‌ఫాం ఎత్తు అడుగుతున్నట్టు వంగి చెప్పింది.

"పదిహేడో స్తంభం కింద."

"ఏ పదిహేడు?"

"ఎన్ని ఉంటాయేంటి?" అంది ఆమె విసుగ్గా. కారెక్కి వెళ్లిపోయింది.

ఎన్ని ఉంటాయా? రెండు ఉంటాయి తల్లీ. ఈ లైన్‌ని ఏటి వైపు నుంచి ఒక జట్టు, కొండ వైపు నుంచి ఇంకో జట్టు కట్టుకుంటూ వచ్చాయి. కరెంటు తీగ మోసే స్తంభాలకి ఎవరి చివర నుంచి వాళ్లు ఒకటి, రెండు అంటూ రంగుతో నంబర్లు వేసుకున్నారు. మధ్యలో కలిశాక చూసుకుంటే ప్రతి నంబరూ రెండేసి చోట్ల ఉంది. ఎవరిది చెరపాలన్న దాని మీద మీటింగు తర్వాత మీటింగు జరిగింది. ఇద్దరు ఇంజనీర్లూ ఒకే బల్ల దగ్గర టీ తాగడం మానేశారు గానీ ఒక్క నంబరూ చెరిగింది లేదు. కంట్రోల్ రూము కంప్యూటరేమో నంబరుకి ఒక స్విచ్చే ఒప్పుకుంటానంది. సరే, ప్రస్తుతానికి అని రెండు పదిహేడులనీ ఒకే స్విచ్చుకి కట్టేశారు. ప్రస్తుతానికి అన్న మాటకి ఆఫీసుల్లో ఆయుష్షు ఎక్కువ.

కొండ వైపు డిపో నుంచి అక్క బండి తీస్తుంది. బాంబు కొండ వైపు ఉంటే తను ఎగిరినా చేరలేడు. ఏటి వైపుదే అయ్యుంటుందని కాళ్లే తేల్చేసుకుని పరుగెత్తాయి.

స్తంభం కింద కంకర తవ్వాడు. ఏమీ లేదు. పట్టా అవతల తవ్వాడు. గోళ్లు విరిగాయి. అక్కడా ఏమీ లేదు.

టేపు డబ్బాలోంచి అక్క గొంతు వినిపించింది. "కంట్రోల్, కొండ డిపో దాటాను. బండి వెన్నలా వెళ్తోంది."

ముప్పావు తవ్వడం ఆపేశాడు. అక్కా ఆగు, అక్కా ఆగు అని డబ్బాలోకి అరిచాడు. అది వినదని అతనికి తెలుసు. అయినా అరిచాడు. పక్కన కాంక్రీటు పోస్తున్న మేస్త్రీ జాలిగా చూశాడు.

"పన్నెండు దాటాను," అంది అక్క. ఆమె గొంతులో అంత సంతోషం అతను ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు తనని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తొక్కుకెళ్లిన అక్క. ఇప్పుడు తను చేయగలిగిందల్లా ఆమె ఎన్నో స్తంభం దగ్గరుందో వినడమే. కళ్లలో నీళ్లు తిరిగాయి. లేవడానికి స్తంభం పట్టుకున్నాడు.

చేతికి కరెంటు పెట్టె తగిలింది.

ఇక్కడ కరెంటు తీస్తే అక్కడా పోతుంది. ఆ దిక్కుమాలిన ఏర్పాటు వల్ల పనివాళ్లు ఎన్నిసార్లు బూతులు తిట్టుకోలేదు? కరెంటు పోయిందంటే బండికి బ్రేకు దానంతటదే పడుతుంది.

"పదహారు," అంది అక్క.

పెట్టె తలుపు ఊడబీకి స్విచ్చు కిందికి గుంజాడు.

డబ్బాలో బరబరమని చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. పేలిందా? ఆగిందా? కొండ ఇక్కడికి కనిపించదు.

"కంట్రోల్, కరెంటు పోయింది," అంది అక్క. "బ్రేకు పడింది. ఎదర పదిహేడో స్తంభం, చెయ్యి చాపితే అందేట్టుంది."

ముప్పావు పట్టాల మీద కూలబడ్డాడు.

"ఫర్లేదు," అంది కంట్రోల్ రూములోంచి ఒక మగ గొంతు. "అక్కడ పల్లమే కదా. చేత్తో బ్రేకు వదులు. బండి జారుకుంటూ వచ్చేస్తుంది."

అదీ ముఠా మనిషి గొంతు. స్విచ్చు ఇక్కడ తను తీశాడు సరే, అక్క చేతిని ఎవరు పట్టుకుంటారు? ముప్పావు రెండు చేతులతో డబ్బాని చెవికి అదుముకున్నాడు. వదలకు అక్కా.

"కరెంటు లేకుండా పల్లంలో బండి వదలకూడదు," అంది అక్క.

"నేను చెబుతున్నాగా, వదులు."

"నువ్వెవరివయ్యా చెప్పడానికి? కరెంటు వచ్చేదాకా కదిలేది లేదు. కావాలంటే వచ్చి నువ్వే తోసుకో."

చిన్నప్పటి నుంచీ ఆ మొండితనంతో ఇల్లంతా వేగిపోయింది. ఇవాళ మొదటిసారి ముప్పావు దానికి దణ్ణం పెట్టుకున్నాడు. డబ్బాలో కుర్చీ పడ్డ చప్పుడు, పెనుగులాట. తర్వాత, రన్ చూసే వంకతో కంట్రోల్ రూములోనే కూర్చున్న చీఫ్ గొంతు ప్రశాంతంగా వినిపించింది. "ఇతనికి పన్ను నొప్పిట. నాతో తీసుకెళ్తున్నా."

సిగ్నల్ రిపేరు అని చెప్పి సర్వీసువాళ్లు కొండ వైపు పదిహేడో స్తంభం కింద తవ్వి, బాంబు తీసుకుపోయారు. రిపోర్టులో కరెంటు అంతరాయం అని రాశారు. చీఫ్ ముప్పావు భుజం తట్టి, "ఈసారీ ముక్కాలే. మిగతా పావు మీ అక్క చేసింది," అన్నాడు.

సాయంత్రం అక్క కంచం ఠపీమని పెట్టింది. బూట్లు ఓ మూలకి విసిరేసి ఉన్నాయి.

"మొదటి రన్ రా. ఊరంతా చూస్తుంటే దారి మధ్యలో దిష్టిబొమ్మలా నిలబెట్టేశారు. ఏటి వైపు ఎవడో వెధవ స్విచ్చు తీశాడట. మీ ఆఫీసువాడేనట. ఎవడో నీకు తెలుసా?"

ముప్పావు తల అడ్డంగా ఊపాడు.

"అలాంటివాడికి ఇంట్లో రోజూ వండి పెడుతున్నారు చూడు, ముందు వాళ్లననాలి," అంటూ అక్క ఇంకో గరిటెడు వడ్డించింది.

ముప్పావు నోరు మూసుకున్నాడు. ఈసారి దూది అక్కర్లేకపోయింది.