పాదరసం చెయ్యి

“ఆ పెన్ను తీసుకో,” అన్నాడు చీఫ్.

అప్పటిదాకా ఏజెంట్ డేగ చెయ్యి ఒళ్లో బుద్ధిగానే ఉంది. చాపగానే వణుకు మొదలైంది. పెన్ను దొర్లి కింద పడింది. డేగకు ఒళ్లు మండిపోయింది.

ఆరేళ్ల కిందట ఒక ముఠాను పట్టుకోవడానికి మారువేషంలో థర్మామీటర్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ముఠా దొరికింది, మెడల్ వచ్చింది. పీల్చిన పాదరసం ఆవిరి మాత్రం మెదడులో కాపురం పెట్టింది. నిద్ర లేదు, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ కోపం. ఈ ఉదయం చొక్కా గుండీలు పెట్టిన భార్యనే కసురుకున్నాడు.

“నన్ను ఫీల్డ్‌లోంచి తీసేస్తున్నారా, సార్?”

“ఇదే ఆఖరి మిషన్. శత్రువుల ల్యాబ్ సైంటిస్టు మనవైపు వస్తున్నాడు. అతనికీ నీ జబ్బే. వాళ్ల కోడ్ విప్పడానికి, మన ఏజెంట్ల పేర్లన్నీ దాచిన సైఫర్ రూమ్‌లోకి రానివ్వాలి. నిజమైనవాడో కాదో నువ్వే తేల్చాలి. దొంగవాడైతే మన ఏజెంట్లందరి ప్రాణాలూ పోయినట్టే.”

సాయంత్రం సైంటిస్టును వెంటబెట్టుకొచ్చింది ఏజెంట్ చిలక. ఆమెకు నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు.

“వాన పడేలా ఉందే?” అంది. కోడ్.

జవాబు డేగ నాలుక చివరే ఉంది, బయటికి రాదు. ఛీ, వెధవ బతుకు!

“గొడుగు తెచ్చాను, అనాలి. పాపం!” చిలక నవ్వింది.

సైంటిస్టు చేతులు ఒళ్లో గజగజ వణుకుతున్నాయి. చీఫ్ కరిగిపోయి కీకార్డు ఇచ్చేశాడు. కాఫీ వచ్చింది. డేగ కప్పు ఎత్తబోతే సగం సాసర్లోకి ఒలికింది. సైంటిస్టు మాత్రం నిండు కప్పు చుక్క తొణక్కుండా తాగి, లేచి, సైఫర్ రూమ్ తలుపు దగ్గరికి నడిచాడు. సన్నటి స్లాట్‌లోకి కార్డు సూటిగా వెళ్తోంది.

డేగ తన ఒళ్లోకి చూసుకున్నాడు. కప్పు వదిలేసిన చెయ్యి కదలకుండా ఉంది.

“ఆపండి! వాడు దొంగ!”

జేబులోంచి మత్తుసూది పెన్ను తీసి పేల్చాడు. సూది గోడ గడియారానికి తగిలింది. తిట్టుకుంటూ తానే సైంటిస్టు మీద పడ్డాడు. కార్డు కింద పడింది. జారుకోబోయిన చిలకను గార్డులు పట్టుకున్నారు.

“ఎలా కనిపెట్టావ్?”

“మన వణుకు ఒళ్లో ఊరుకుంటుంది సార్, ఏదైనా అందుకోబోతే రేగుతుంది. వాడిది తలకిందులు. చిలక వాడికి పలుకులు తప్పు నేర్పింది.”

చీఫ్ పొంగిపోయాడు. “నువ్వు ఫీల్డ్‌లోనే ఉంటావ్! ఈ ఆర్డర్ మీద సంతకం పెట్టు.”

డేగ సంతకం పెట్టాల్సిన చిన్న గడి వైపు చూశాడు. గెలిచినా చెయ్యి బాగుపడదు కదా.

“ఇంతకంటే పెద్ద కాగితం తెప్పించండి సార్.”