అడుగు ముట్టని ఫోల్డరు

ఇది అబద్ధమనే మొనగాడుంటే ముందుకొచ్చి కూర్చోండి. చివర్లో సాక్షి పేరు చెప్తా, పోయి అడగండి.

మార్కాపురంలో ప్రకాశరావుకు ఫోటో స్టూడియో ఉంది. ఏండ్ల తరబడి పెండ్లి ఫోటోలన్నీ కంప్యూటరులో కుక్కినాడు. ఫోల్డరులో ఫోల్డరు, దాంట్లో ఇంకోటి. ఏది ఎక్కడుందో వాడికే తెలీదు. నల్లమలకు ఇటుపక్క కంప్యూటరును ఆడించే మగాణ్ణి నేనొక్కణ్ణే గదా! కాఫీ చల్లారేలోపు ఒక ప్రోగ్రాం రాసి పడేసినా. నల్ల తెర మీద ఫోల్డరు పేరు కొడితే చాలు. లోపలికి దూరి, దాని లోపలి దాంట్లోకీ దిగి, ఎదురైన ఫోటోనల్లా చూపిస్తా పోయి అడుగు ముడుతుంది. దిగిన దారినే మళ్లీ పైకొస్తుంది.

"ఎంత లోతుకు దిగాలో హద్దు పెట్టు మామా," అన్నాడు ప్రకాశరావు.

"నా పనికి హద్దేందిరా!"

ఆ సాయంత్రం మబ్బు కమ్మి స్టూడియోలో చీకటి పడింది. పలకల గనిలో కూలికి పోయే రాములమ్మ వచ్చింది. ఆమె కూతురు పోలమ్మ నీళ్లు నిండిన పాత గనిలో పడిపోయింది. ఈతగాళ్లు దిగినా శవం దొరకలేదు. తెల్లారితే పెద్దకర్మ. దండ వెయ్యను ఇంట్లో ఒక్క ఫోటో లేదు.

"మా కొండమ్మ పెండ్లిలో యాడో వెనకాల నిలబడుంటాది అన్నా. ముఖం కత్తిరించి ఇస్తే చాలు."

'కొండమ్మ పెండ్లి' అని కొట్టినా. పేర్లు జలజలా పారినాయి. లోపల ఒక ఫోల్డరు... పోలమ్మ.

"నేను పెట్టలేదే ఇది!" అన్నాడు ప్రకాశరావు.

జనం వెనకాల, పళ్లెం పట్టుకొని పోలమ్మ. రాములమ్మ తెరను తడిమింది.

దాంట్లో ఇంకో పోలమ్మ ఫోల్డరు. ఈసారి జనం లేరు. పిల్ల ఒక్కతే.

దాంట్లో ఇంకోటి. ఇంకా దగ్గరగా... జుట్టు తడిగా...

తడిసిన పలకరాయి వాసన గుప్పుమంది.

"ఆపు మామా..."

"ఆపొద్దన్నా," రాములమ్మ నా మణికట్టు పట్టుకొంది. "బిడ్డ వస్తాంది."

ఇంకో ఫోటో. తెర నిండా కండ్లు.

ఇంకోటి...

మళ్లీ అదే పెండ్లి పందిరి. పోలమ్మ నవ్వుతాంది. పక్కన రాములమ్మ... నోరు తెరిచి అరుస్తాంది.

తిరిగి చూసినా. రాములమ్మ కూర్చున్న స్టూలు ఖాళీ.

పులిలాగా దూకి కంప్యూటరు వైరు పీకినా! నా చురుకు వల్లే మేమిద్దరం బతికినాం. ప్రోగ్రాం అడుగు ముట్టి పైకొచ్చేదాకా ఆగుంటే రాములమ్మ కూడా దాంతో పైకొచ్చేదేమో అంటాడు ప్రకాశరావు. పిరికోడు.

నమ్మకుంటే వాణ్ణే అడగండి. మార్కాపురంలో ప్రకాశరావు. పీకిన వైరు ఈపొద్దుకీ మేకుకు తగిలించి పెట్టినాడు. కంప్యూటరు లైటు మాత్రం మిణుకుతానే ఉంది.