గుప్పిట్లో బెల్లం

"దాటేసింది! నాన్నమ్మా, దాటేసింది!"

హాసిని అరుపుకి కాలవ గట్టు మీది కొంగలు లేచిపోయాయి. ఎర్ర గుర్రం చెక్కల వంతెన దాటి, నేరుగా వచ్చి హాసిని పక్కన ఆగింది. దాని మీద కూర్చున్న నాన్న మంగరాజు ముఖం వెలిగిపోయింది.

కశింకోట దగ్గర సత్తియ్య ఈ గుర్రాన్ని అమ్ముతున్నాడని తెలిసి, ముగ్గురూ పొద్దున్నే బయలుదేరి వచ్చారు. వాళ్ల ఊరు కొండ మీద ఉంది. ఆటోలు కొండ కిందే ఆగిపోతాయి. అక్కడి నుంచి రాళ్ల దారి, మధ్యలో ఒక గెడ్డ వాగు, దాని మీద ఇలాంటి చెక్కల వంతెనే. మోకాళ్ల నొప్పులతో నాన్నమ్మ దేవుడమ్మ ఆస్పత్రికి వెళ్లడమే మానేసింది. ఇవాళ కూడా నాన్న ఆవిడని వీపున ఎక్కించుకునే కొండ దించాడు.

"ముందే సెప్పేను బావా, ఇది కొత్తది. దీని మీద మనిషెక్కడం మొదలెట్టి నెల్లాళ్లు కూడా అవలేదు," అన్నాడు సత్తియ్య.

"కొత్తదైతే ఏటి? ఎంత బుద్ధిగా దాటిందో సూడు!" నాన్న కిందికి దిగాడు. "అమ్మా, ఇప్పుడు నువ్వెక్కు. నిన్ను కూడా దాటిత్తే తీసేసుకుందాం."

హాసిని గుప్పిట వెనక్కి దాచుకుంది. అందులో బెల్లం ముక్క ఉంది మరి!

గుర్రం తమతో వచ్చేయాలని ఆ పిల్లకి ఎంత ఆశో. అందుకే వచ్చినప్పటి నుంచి ఎవరూ చూడకుండా దానికి బెల్లం తినిపిస్తోంది. ఇందాక కూడా బెల్లం పట్టుకునే అవతలి గట్టున చెయ్యి చాచి నిలబడింది.

ఇప్పుడు నాన్న కళ్లెం లాగుతున్నా, గుర్రం ఆ గుప్పిట కోసమే మూతి చాస్తోంది. హాసినికి అంతా అయోమయంగా ఉంది. ఇది నాన్న మాట విని దాటిందా, బెల్లం కోసం వచ్చిందా? ఇది మంచి గుర్రమేనా? చెప్తే నాన్న కొనడు. చెప్పకపోతే? అయినా బెల్లం పెట్టడం కూడా తప్పేనా?

నాన్నమ్మ గుర్రం ఎక్కడానికి ఒక రాయి మీద కాలు పెట్టింది. ఆ కాలు వణుకుతోంది.

"నాన్నా, ఆగు!"

హాసిని గుప్పిట తెరిచింది. కరిగిన బెల్లం వేళ్లకి అంటుకుని ఉంది. నాన్న ఆ చేతిని, దాని వైపే మూతి చాస్తున్న గుర్రాన్ని చూశాడు.

"అయితే ఇందాక దాటింది లెక్కలోకి రాదు," అన్నాడు. "సెయ్యి కడుక్కో. మళ్లీ సూద్దాం."

ఈసారి నాన్న ఎక్కి నడిపితే, చెక్క కిర్రుమనగానే గుర్రం అదిరిపడి వెనక్కి గెంతింది. నాన్న జారి బురదలో పడ్డాడు. నాన్నమ్మ గబుక్కున రాయి మీద కూలబడింది.

"సెడ్డ గుర్రమా నాన్నా?" అని అడిగింది హాసిని.

"సెడ్డదేటి? దానికింకా బయం పోలేదు."

"అయితే కొంటామా?"

"తెలీదమ్మా. నాకూ ఏటీ పాలుపోవట్లేదు."

"రోజూ దాటించి అలవాటు సేత్తాను బావా. వచ్చే నెల వచ్చి సూడు. అప్పటిదాకా ఎవులికీ అమ్మను," అన్నాడు సత్తియ్య.

నాన్న బురద కడుక్కోవడానికి బోరింగు వైపు వెళ్తూ ఆగాడు. "హాసినీ, సత్తియ్య మావ ఇంకోసారి నడిపిత్తాడు. ఏం సేసిందో సూసి నువ్వే సెప్పాల."

హాసిని మళ్లీ అవతలి గట్టున నిలబడింది. ఖాళీ చెయ్యి చాచింది. దాటెయ్యవే, దాటెయ్యవే అని మనసులో ఒకటే బతిమాలుకుంది. గుర్రం గాలి వాసన చూసింది. ఒక కాలు చెక్క మీద పెట్టింది. చెక్క కిర్రుమంది.

నాన్న తిరిగి వచ్చాడు. "ఏటయింది?"

"ఒక్క కాలు ఏసింది నాన్నా." హాసిని వంతెన వైపు చూసింది. "ఎంటనే ఎనక్కి తీసేసుకుంది. దాటలేదు."

నాన్న తలూపి, నాన్నమ్మ ముందు వీపు వంచాడు. ఆవిడ మూలుగుతూ ఎక్కింది. హాసిని కళ్లు తుడుచుకుని నాన్నమ్మ చెప్పులు చేతిలోకి తీసుకుంది.

"ఒరే మంగరాజూ," అంది నాన్నమ్మ కొడుకు భుజం మీంచి మనవరాలిని చూస్తూ. "వచ్చే నెల ఈ గుంటని కూడా తీసుకురా. దాటింది అని ఇది సెప్తేనే నేనెక్కుతాను."