రెండు తెల్లగీతలు

తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడ్డ ముసలాయన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. గ్రీజు మరకల చేతులు రెండూ ముందుకు చాపి, అవి తనవి కావన్నట్టు చూసుకుంటున్నాడు.

"మా రైడరు పోయాడమ్మా," అన్నాడు. "ఈ చేతులే చంపాయంటున్నారు. అవునో కాదో నాకే తెలియడంలేదు. మీరే తేల్చాలి."

డిటెక్టివ్ ఆయన్ని లోపలికి పిలిచింది. ఆమె మరిది కుర్చీ జరిపి మంచినీళ్లు తెచ్చాడు. వదినకు సహాయకుడు అతనే. ఆమెను మించిన బుర్ర ఎక్కడా లేదని అతని గట్టి నమ్మకం. ఆమెను కట్టుకున్న తన అన్నకి కూడా అంత నమ్మకం లేదు.

ముసలాయన్ని రేసు మోటారుసైకిళ్ల షెడ్డులో అందరూ శ్రుతి మేస్త్రీ అంటారు. రేసు బండి ఇంజిన్లో వాల్వుల్ని వేళకి తెరిచి మూసేది టైమింగ్ బెల్టు. ఈ బండికి ముందు సిలిండరుకొకటి, వెనక సిలిండరుకొకటి. బెల్టు వదులైతే పళ్లు జారుతుంది, వాల్వులు పిస్టన్‌కి కొట్టుకుంటాయి, ఇంజినూ వెనక చక్రమూ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. అందుకే మేస్త్రీ బెల్టును వేలితో మీటి, చెవి ఒగ్గి వింటాడు. ఆ తర్వాత బెల్టును నొక్కిపట్టే రోలరుకీ బెల్టుకీ మధ్య ఎలెన్ కీ అనే ఆరుపలకల ఇనపపుల్ల దూర్చి సందు చూస్తాడు. మనసు కుదుటపడ్డాక రోలరు బోల్టు బిగించి, దాని మీదనుంచి ఇంజిన్ మీదికి తెల్లరంగుతో గీత గీస్తాడు. బోల్టు కదిలితే గీత విరుగుతుంది.

"ఈ పని ఎప్పుడు చేస్తారు?"

"పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. వేడికి ఇంజిన్ సాగి బెల్టును లాగేస్తుంది, బిగువు తప్పు చూపిస్తుంది. వేడి ఇంజిన్‌కి నేనెప్పుడూ బెల్టు సరిచెయ్యలేదమ్మా."

ఆ పొద్దున మేస్త్రీ గీతలు ఆరాక రైడరు బండి తిప్పి తెచ్చి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. భోంచేసి మళ్లీ బయల్దేరాడు. మలుపులో చక్రం బిగుసుకుని, బండితో సహా కాలవలో పడ్డాడు. తర్వాత బెల్టుల మూతలు విప్పితే వెనక బెల్టు వేలాడుతోంది. బోల్టు మాత్రం బిగువుగానే ఉంది, గీత విరగలేదు.

"అంటే వదులుగా పెట్టి బిగించింది నేనేగా," అన్నాడు మేస్త్రీ. ఈసారి వదిన కూడా చెయ్యగలిగింది ఏమీ లేదని మరిదికి అనిపించింది.

ముగ్గురూ వెళ్లేసరికి షెడ్డులో మబ్బు వెలుతురు తప్ప దీపం లేదు. బండి ఇంకా నీరు కారుస్తోంది. రైడరు భార్య తడిచీరతోనే పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. షెడ్డు యజమాని రైడరు అన్న. ఒకప్పుడు ఆ బండి మీద పందేలు గెలిచినవాడే, కాలు విరిగాక దిగిపోయాడు. ఎడమ మణికట్టుకి కట్టు ఉంది.

"చేతికేమైంది?" అడిగింది డిటెక్టివ్.

"తమ్ముడి మీంచి బండి లాగుతుంటే సైలెన్సరు కాలింది."

"ఆయన భోంచేస్తున్నప్పుడు బండి ఎక్కడుందమ్మా?"

"ఇక్కడే," అంది రైడరు భార్య. "నేను వెనకగదిలో వడ్డిస్తున్నాను. బావగారు బండి దగ్గరున్నారు. మేస్త్రీగారు ఇంటికెళ్లారు."

"కాలవలోకి ముందు దిగిందెవరు?"

"నేనే. బావగారు మనుషుల్ని తెచ్చేదాకా ఆయన తల నీళ్లపైకి పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు."

డిటెక్టివ్ ఇంజిన్ ముందు గొంతుక్కూర్చుంది. "చూడు మరిదీ, రెండు గీతలకీ తేడా ఉందా?"

"ముందుది నున్నగా ఉంది. వెనకది తట్టు పోసినట్టు పొంగింది. మేస్త్రీగారి చెయ్యి వణికిందేమో వదినా."

"చెయ్యి వణికితే గీత వంకరపోతుంది. పొంగదు."

ఆమె అందర్నీ బయటికి పిలిచింది. డిటెక్టివూ మరిదీ వచ్చిన బండి ఇంజిన్ ఇంకా సెగలు కక్కుతోంది. మేస్త్రీ రంగుడబ్బాలోంచి బ్రష్షుతో దాని మీద ఒక గీత గీసింది. అందరూ చూస్తుండగానే తెల్లరంగు బుసబుసా పొంగి, బుడగలు కట్టింది.

"ఎండిన రంగుకి ఏమీ కాలేదు, ముందు గీతే సాక్షి. అదీ ఆ వేడి చూసిందే, ఆ నీళ్లలో మునిగిందే. పచ్చిరంగు వేడి లోహానికి తగిలితేనే ఇలా అవుతుంది. కాబట్టి రెండు పరుగుల మధ్య ఎవరో వెనక బెల్టు వదులు చేసి, పాత గీత తుడిచి, కొత్తది గీశారు."

"షెడ్డులోకి ఎవరైనా రావచ్చు," అన్నాడు రైడరు అన్న.

"రావచ్చు. కానీ అంతసేపు కాలవలో నానిన సైలెన్సరు ఎవర్నీ కాల్చదు. వేడి బండికి వెనక మూత విప్పబోతే మాత్రం మణికట్టు సరిగ్గా అక్కడే తగులుతుంది."

అతను కట్టు మీద చెయ్యి కప్పుకున్నాడు.

"ఆ బండి నాది. చప్పట్లన్నీ వాడికెళ్లాయి. దారిలో ఆగిపోతే చాలనుకున్నా. నలుగురూ నవ్వితే చాలనుకున్నా. చావాలని కాదు."

రైడరు భార్య తలెత్తింది. "నీళ్లలో ఆయన మిమ్మల్నే తలుచుకున్నారు బావగారూ. అన్నని పిలు, బండికేమైందో అన్న చెబుతాడన్నారు. అదే ఆఖరి మాట."

మరిదికి రైడరు అన్నవైపు చూడాలంటే భయం వేసింది.

మేస్త్రీ లోపలికి వెళ్లి ముందు సిలిండరు బెల్టును మీటి, చెవి ఒగ్గి విన్నాడు. సరిగ్గానే ఉంది. తన చేతుల్ని మళ్లీ చూసుకున్నాడు గానీ ఆ ముఖంలో తేటపడ్డ గుర్తు లేదు.

"ఆ గీత గియ్యడం పెద్దవాడికి నేనే నేర్పానమ్మా," అన్నాడు. "ఇంజిన్ చల్లారేదాకా ఆగమని కూడా నేర్పాను."