పాద్రే పాపసంకీర్తనం

మిషన్ రెండే లైన్లు. గురువారం వేకువన సబ్‌మెరైన్ గెరిల్లాలకు ఆయుధాలు దింపుతుంది. ఏ రేవులో అన్నది జపాన్ ఆక్రమించిన పానాయ్ దీవి మొత్తానికి ఇద్దరికే తెలుసు. ఒకరు పాద్రే ఎలోహియో. ఒకప్పుడు చర్చిలో పాద్రి, ఇప్పుడు జపాన్ సైన్యం కొండకొండా వెతుకుతున్న గెరిల్లా కమాండర్. రెండోది సలూద్, రేడియో ఆపరేటర్. ఊరి దృష్టిలో మాత్రం ఎండుచేపలమ్ముకునే మనిషి.

సలూద్ గుడిసెలోకి తొంగిచూసింది. "ఇలోయిలో పట్నం నుంచి ఎవరో పాద్రి వచ్చాడు. కోడ్‌వర్డ్ కరెక్టే. చెప్పులే మరీ కొత్తగా ఉన్నాయి."

"పాద్రా? నిజంగా?"

"అబ్బో, మీ మొహం చూడండి! పెళ్లికూతురు దిగినట్టు!"

ఆ ఆత్రానికి కారణముంది. పదకొండు నెలల కింద వంతెన దగ్గర ఎలోహియో తన చేత్తో ఒక జపాన్ కుర్రాణ్ణి చంపాడు. అప్పట్నుంచి దివ్యపూజ చేయలేదు. పాద్రి తన పాపాన్ని తాను క్షమించుకోలేడు, ఆయన పాపసంకీర్తనం వినడానికి ఇంకో పాద్రి కావాలి. ఈ కొండల్లో ఇంకొకరు లేరు. జనం వచ్చి ఆయన చెవిలో పాపాలు దించుకుని తేలిగ్గా వెళ్లిపోతారు. ఆయనవి ఆయన దగ్గరే.

వచ్చినాయన పేరు క్రిస్పూలో. ఎలోహియో మోకరించాడు. క్రిస్పూలో పాపాలు వినేటప్పుడు పాద్రులు వేసుకునే ఊదారంగు పట్టీ తీసి మెడలో వేసుకున్నాడు. దాన్ని ముద్దు పెట్టుకోలేదు. ముద్దు పెట్టకుండా దాన్ని వేసుకునే పాద్రి ఉండడు. అలసిపోయుంటాడులే, అని ఎలోహియో సర్దిచెప్పుకున్నాడు.

వంతెన సంగతి చెప్పాడు. కుర్రాడు చివర్లో పిలిచింది వాళ్లమ్మనేనని భాష రాకపోయినా అర్థమైందని చెప్పాడు.

"ఊఁ. నీతో ఎవరెవరున్నారు, నాయనా? ఇంకేదో ప్లాన్ ఉంది కదా. ఎప్పుడు? ఎక్కడ?"

రేవు పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పన్నెండేళ్లలో వేలమంది పాపాలు విన్నాడు. ఒక్కర్నీ పక్కవాడి పేరు అడగలేదు. ఏ పాద్రీ అడగడు.

కేకేస్తే బయట తనవాళ్లవి ఆరు తుపాకులున్నాయి. కేకెయ్యలేదు.

"గురువారం," అన్నాడు మెల్లగా. "మాలంబోగ్ రేవులో."

అది దీవికి అవతలివైపు.

క్రిస్పూలో లాటిన్‌లో గబగబా ఏదో గొణిగి ఆయన తలమీద చెయ్యి పెట్టాడు. దొంగ చెయ్యి. అయినా ఎలోహియో వెంటనే తలెత్తలేకపోయాడు. పదకొండు నెలలుగా ఆ తలని ఎవరూ తాకలేదు.

గురువారం జపాన్ పెట్రోల్ బోట్లన్నీ మాలంబోగ్‌లో ఖాళీ సముద్రానికి కాపలా కాశాయి. ఇవతల సబ్‌మెరైన్ ఆఖరి పెట్టె దింపి మునిగిపోయింది.

"మొత్తానికి మీ పాపసంకీర్తనం అయిందన్నమాట," అంది సలూద్, పెట్టెమీద కూర్చుని చిలగడదుంప ఒలుస్తూ. "ఏమైనా తగ్గిందా, పాద్రే?"

"లేదు. ఒక అబద్ధం పెరిగింది."