ఏడో పడక దగ్గర చల్లటి చెయ్యి

ఆ ఓడలో ఏడో పడకకి మంచి పేరు లేదు.

ఒకప్పుడది ఉప్పు మోసిన తెరచాప ఓడ. ఇప్పుడు బస్తాలు పోయి మనుషులొచ్చారు. సరుకు నింపే అడుగు గదిలోనే చెక్కలు కొట్టి పన్నెండు పడకలు వేశారు. జట్లు జట్లుగా జనం డబ్బిచ్చి సరదాకి వస్తారు, తాళ్లు లాగి తెరచాపలు ఎత్తుతారు, మూడు రోజులు సముద్రం మీద తిరిగి, అరిచేతులు బొబ్బలెక్కించుకుని సంతోషంగా ఇళ్లకి పోతారు. ఏడో పడకలో పడుకున్నవాళ్లు మాత్రం రెండో రాత్రి అక్కడ పడుకోరు. తెల్లవారుజామున ఒక చల్లటి చెయ్యి వచ్చి కాలి బొటనవేలు పట్టుకుంటుందట... పట్టుకుని ఏదో గొణుగుతుందట.

ఈసారి చీట్లు తీస్తే ఆ పడక పళ్ల డాక్టరు భార్యకి వచ్చింది. డాక్టరుగారు ఛాతీ విరుచుకుని, తన పడక ఆవిడకిచ్చి అక్కడ తాను పడుకుంటానన్నారు. అనేశాక ఆ పడక కిందికి రెండుసార్లు వంగి చూశారు.

ఆయన భయం సంగతి కాస్త చెప్పాలి. రోజంతా జనం చేత నోళ్లు తెరిపించి వణికించే ఆ మనిషి, క్రిందటేడు ఒక పెళ్లిలో మెడ మీద బొద్దింక పాకితే వేసిన కేకకి ఫొటోగ్రాఫరు కెమెరా వదిలేశాడు. అప్పట్నించీ నలుగురు చేరిన చోటల్లా బావమరిది ఆ కేకని వేసి చూపిస్తున్నాడు. ఈ ఓడలోనూ భోజనాల దగ్గర చూపించాడు, వినని వాళ్ల కోసం రెండోసారి కూడా. ఈ రాత్రి మళ్లీ అరిస్తే ఇక అత్తవారి వైపు తలెత్తుకునేది లేదు.

అందుకే దుప్పటి కొస నోట్లో కుక్కుకుని పడుకున్నారు.

దీపం ఆర్పారు. కిర్రు... కిర్రు... చెక్క ఓడ అంతే, చెమ్మకి ఉబ్బి, అలకి ఒరుసుకుని, ముసలి మోకాళ్లలా మూలుగుతుంది. ఆయనకీ తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ఊరుకుంటుందా?

ఒంటిగంట... రెండు... మూడు కూడా దాటింది.

నిచ్చెన మీద తడి అడుగు — టప్.

ఇంకొకటి — టప్.

కాళ్ల దగ్గర దుప్పటి లేచింది. మంచుముక్కల్లాంటి వేళ్లు బొటనవేలిని పట్టుకున్నాయి.

"లే..." అంది గొంతు. "నీ వంతు..."

డాక్టరుగారు అరవలేదు. అరవడానికి నోరు ఖాళీ లేదు. కాని కుర్చీలోంచి పారిపోబోయే వాళ్ల మణికట్టు చటుక్కున దొరకబుచ్చుకోవడం అలవాటైన చెయ్యి అది... తన పని తాను చేసేసింది.

చీకట్లో ఓడ అదిరేలా కేక —

వేసింది దెయ్యం.

దెయ్యమంటే, చుక్కాని పట్టే పెద్దాయన. పళ్లు టకటకలాడుతుండగా గుసగుసగా ఆయన చెప్పిందిదీ: రాత్రిపూట వంతులవారీగా చుక్కాని దగ్గర నిలబడాలి. ముందు వంతులు ఓడ పనివాళ్లవి, ఆఖరి వంతు మాత్రం ఏడో పడకది. పక్కవాళ్ల నిద్ర చెడకుండా వేలు పట్టుకుని లేపడం పాతకాలపు ఓడల రివాజు. ఇదంతా రాసిన పలక తలుపు పక్కనే ఉంది, దాని మీద అందరూ వానకోట్లు తగిలిస్తారు. ఎనిమిదేళ్లుగా చుక్కానికి తాడు బిగించి వచ్చి పిలుస్తూనే ఉన్నాడు, ఒక్కరూ లేవలేదు. ఆ పడకలో దెయ్యముందన్న మాట ఆయన చెవినా పడింది కనక, కళ్లు మూసుకుని వేలు లాగి, పైకి పరుగెత్తేవాడట. ఈ రాత్రి ఆ దెయ్యమే పట్టుకుందనుకున్నాడు.

"నేనరిచానని తెలిస్తే రేపు నా చేతికి ఓడ ఎవరిస్తారు బాబూ..."

అంతలో టార్చిలైటు వెలుగు ముఖాన పడింది. వెనక బావమరిది, అతని వెనక తక్కినవాళ్లంతా.

"బావగారూ, మీరేనా?"

డాక్టరుగారు పెద్దాయన వైపు చూశారు. బావమరిది అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు.

"నేనే" అన్నారు.

నవ్వులు చల్లారాక ఆయన పైకి వెళ్లి, తన వంతు కనక, చుక్కాని పట్టుకున్నారు. కాసేపటికి భార్య టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడింది.

"అరిచింది మీరు కాదు కదూ?"

"నీకెవరు చెప్పారు?"

"ముప్పై ఏళ్ల కాపురం... మీ కేక నాకు తెలీదా? ఇంతకంటే సన్నగా ఉంటుంది."