మల్లయ్య నాడె

దేవుడి గూట్లో నాడె లేదు.

1943. అమీర్‌పేట పద్మశాలీల వాడలో ముసలి మల్లయ్య పోయిన పదకొండో రోజు ఆ సంగతి బయటపడింది. అల్లుడు అంబదాస్ ఠాణాకు పరుగెత్తాడు. మల్లయ్య తమ్ముడి కొడుకు ఐలయ్య మీద అనుమానమని ఫిర్యాదు ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఐలయ్య లాకప్‌లో ఉన్నాడు.

ఠాణా అమీన్ రాజనర్సయ్య పూజ ముగించుకుని వాడకు వచ్చాడు. మగ్గం మీద నూలు పారించే, కొసలకు ఇనుప మొనలున్న కొయ్యముక్క. దానికోసం ఇంత గొడవేమిటి?

కులపెద్ద పర్శరాములు చెప్పాడు.

"కొడుకుల్లేనోనికి ఇల్లరికపల్లుడే వారసుడు, అమీన్ సాబ్. పదకొండో నాడు మామ నాడె తెచ్చి కులం ముందట పెట్టాలె. పెడితే ఇల్లు ఆనిది."

"పెట్టకపోతే?"

"తమ్ముని కొడుక్కు పోతది. వారసుడు లేనోని నాడెనే కాష్టంల కాలుస్తం."

"అదాలత్ ఒప్పుకుంటదా?"

"ఐలయ్య తగువు పెడితే మొన్ననే అందరం పోయి అడిగినం. వారసత్వం కులమే తేల్చుకోవాలె అన్నడు మున్సిఫ్ సాబ్. దొంగతనముంటే మాత్రం తనే చూస్తడట. అప్పటిదాంక మేం నోరు తెరవద్దట."

అమీన్ లోపలికి వెళ్లాడు. మల్లయ్య కూతురు దేవవ్వ గోడకానుకుని కూర్చుంది. పక్కనే ఆమె మొగుడు అంబదాస్. కుడిచేతికి గుడ్డకట్టు.

"చేతికేమైంది?"

"కాలింది సాబ్. పొయ్యి మీద గంజి దించుతుంటే."

"ఎప్పుడు?"

"మామ పోయిన దినమే."

ఠాణాలో ఐలయ్య ఊచలు పట్టుకుని ఏడుస్తున్నాడు.

"నాడె తీసినవా?"

"నేనెందుకు తీస్త సాబ్? తగువున్నా సరే, పెదనాయిన పోయినంక మూడొద్దులు గా ఇంటికి మేమే బువ్వ మోసినం. దొంగనైతే మోద్దునా?"

అమీన్ చప్పున లేచాడు. నేరుగా శ్మశానానికి నడిచాడు.

సాయంత్రం మల్లయ్య వాకిట్లో అందరూ చేరారు. ఐలయ్యనూ తెచ్చారు. అమీన్ రుమాలు విప్పాడు. నల్లగా మాడిన ఇనుపముక్క.

"నాడె మొన," అన్నాడు పర్శరాములు, నీరసంగా.

"కాష్టం బూడిదల దొరికింది. అంబదాస్, చావైన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. బువ్వ ఐలయ్య ఇంటినుంచి వచ్చింది. మరి నీ చెయ్యి ఏ పొయ్యి మీద కాలింది?"

అంబదాస్ కూలబడ్డాడు. "కొరివి పెట్టి అందరు మళ్లినంక బట్ట కాలి నాడె కనవడ్డది సాబ్. గుంజబోయిన. అందలె. దొంగతనమంటే తగువు కులం చేతులకెల్లి అదాలత్‌కు పోతదనుకున్న."

"నాడె అండ్ల పెట్టిందెవరు?"

దేవవ్వ లేచింది.

"నేనే. పానం పోయేటప్పుడు సుత అయ్య చెయ్యి దానికోసమే దేవులాడింది. బట్ట కింద చేతుల పెట్టిన. కాష్టం కాడి రివాజు మొగోళ్లకెరుక. నాకెవరు చెప్పిండ్రు?"



"నాడె కాలింది బిడ్డా. ఇల్లు ఐలయ్యది," అన్నాడు పర్శరాములు.

"ఎరుకలేక చేసినదానికి సుతనా?" అమీన్ అడిగాడు.

"రివాజు గట్ల అడగదు సాబ్."

దొంగతనం లేదు. అమీన్ అధికారం అక్కడితో సరి. భగవంతుడా, ఈ పిల్ల ఎవరికి మొర పెట్టుకోవాలి?

ఐలయ్య బేడీలు విప్పించుకున్నాడు. "బావ మీద కేసు వద్దు సాబ్," అన్నాడు. ఇల్లు వద్దని మాత్రం అనలేదు.

అంబదాస్ గిన్నెలు మూటగడుతూ పెళ్లాం వైపు చూశాడు. "ముందే ఎరుకుంటే పెట్టకపోదువు గదనే?"

దేవవ్వ ఇనుపముక్కను కొంగున ముడేసుకుంది.

"అయ్యను ఉత్తచేతుల తోలుదునా?"